చెన్నపట్నంలో కొత్త కాపురం

కొత్తగా పెళ్ళయిన అమ్మాయిని భర్త ఉద్యోగం చేసే ఊరికి సాగనంపేటప్పుడు పుట్టింటివారు ఏమేమి కట్టి ఇస్తారో మనందరికీ తెలుసు. ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా, రెండు రకాల వడియాలు, పసుపూ కుంకుమా, చివరికి రైలు కదలబోయే ముందు "జాగ్రత్తమ్మా" అని ఒక మాట. జాడీలో ఏముందో మూత తీస్తే తెలుస్తుంది. ఆ జాగ్రత్తలో ఏముందో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. కొత్త ఊళ్ళో అడుగుపెట్టాక ఎవరికి వారే తెలుసుకోవాలి. అందులోనూ ఆ ఊరు చెన్నపట్నమంత పెద్దదై, సముద్రం పక్కనుండి, మనది కాని భాష మాట్లాడేదయితే తెలుసుకోవలసినవి మరీ ఎక్కువ.

మన జిల్లాల నుంచి చెన్నపట్నానికి సంసారాలు తరలిపోవడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. 1908లో బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. దాని వెనకా ముందూ అచ్చాఫీసులవాళ్ళు, రచయితలు, ఆ తర్వాత సినిమావాళ్ళు వెళ్ళారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు మనకు దక్కలేదు. అయినా తెలుగువాళ్ళు ఆ ఊరిని విడిచిపెట్టలేదు. తర్వాత తర్వాత సినిమావాళ్ళు చాలామంది హైదరాబాదు తరలిపోయారు. 1996లో మద్రాసు అధికారికంగా చెన్నై అయింది. ఇప్పుడు పాత మహాబలిపురం రోడ్డు పొడుగునా లేచిన కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగాలకని మన కుర్రవాళ్ళు వెళుతున్నారు. పేరు మారినా, పని మారినా, పెట్టెలు సర్దుకుని వెళ్ళే జంట మాత్రం ఆ జంటే.

అలా వెళ్ళిన జంట ఒకటి నాకు బాగా తెలుసు. పేర్లెందుకు? అతనిది గుడివాడ వైపు, ఆమెది తెనాలి. అతనికి శిరుచేరిలో ఉద్యోగం. ఆమె పెళ్ళికి ముందు నాలుగేళ్ళు తెనాలిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పింది. "అక్కడ కూడా బళ్ళు ఉంటాయి కదా, వెళ్ళాక చూసుకోవచ్చు" అని పెద్దవాళ్ళంటే ఆ ఉద్యోగం మానేసి బయలుదేరింది.

మొదటి చిక్కు ఇంటి దగ్గరే వచ్చింది. తెలుగులో ఇల్లంటే ఇల్లు. తమిళంలో "ఇల్లె" అంటే లేదు అని. ఇంటిని వాళ్ళు "వీడు" అంటారు. ఒక అపార్టుమెంటు దగ్గర ఖాళీ ఉందా అని అడిగితే కాపలా మనిషి చెయ్యి తిప్పుతూ "వీడు ఇల్లె" అన్నాడట. అమ్మాయి మొగుడి వైపు తిరిగి "అదేమిటండీ, మిమ్మల్ని పట్టుకుని వీడు అంటాడు?" అంది. అతనికి నవ్వాగలేదు. ఆ పక్షం రోజులూ వాళ్ళకు చెన్నపట్నం చెప్పిన మాట అదొక్కటే: "వీడు ఇల్లె".

చివరికి దొరికింది. నావలూరు దాటాక, పెద్దరోడ్డుకు లోపలగా, పదకొండో అంతస్తు. రెండు పడకగదులు, లిఫ్టు, జనరేటరు, కింద ఈతకొలను కూడానూ. ఆఫీసు బస్సు గేటు ముందే ఆగుతుంది. ఇరవై నిమిషాల్లో ఆఫీసు. వసారాలో నిలబడితే దూరంగా నీలిగీత గీసినట్టు సముద్రం. ఫోటోలు చూసి ఇరువైపుల పెద్దవాళ్ళూ సంతోషించారు. అద్దె లెక్క చూశారు, ఆఫీసు దూరం లెక్క చూశారు, అంతా బాగానే కుదిరింది.

ఆ లెక్కల్లో ఒక దూరం ఎవరూ కొలవలేదు. పొద్దున్న ఎనిమిదింటికి అతను బస్సెక్కితే మళ్ళీ రాత్రి ఎనిమిదిదాకా ఆ ఇంట్లో ఉండేది ఆమె. ఆమె గేటు దాటితే కొత్తిమీర కట్ట ఎంత దూరంలో దొరుకుతుంది? గుడి ఎంత దూరం? నడిచి వెళ్ళదగిన బడి గాని, పుస్తకాల షాపు గాని, కనీసం పూలమ్మే మనిషి గాని ఉందా? బస్సెక్కాలంటే ఎన్ని వరసల వాహనాలు దాటి అవతలికి వెళ్ళాలి? ఇవేవీ ఎవరికీ తట్టలేదు.

ఇల్లు చూసేటప్పుడు ఉద్యోగానికి వెళ్ళేవారి దూరం అందరూ కొలుస్తారు. ఇంట్లో ఉండేవారి దూరం ఎవరూ కొలవరు. పట్నాల్లో కొత్త కాపురాలు చాలావరకు ఇక్కడే కుంటుతాయని నా నమ్మకం. డబ్బు చాలకపోవడం, వంట కుదరకపోవడం, అత్తగారి మాటలు అన్నీ దీని తర్వాతే.

మొదటి నెల అమ్మాయికి బాగానే గడిచింది. సామాను సర్దుకోవడం, తెరలు కుట్టించడం, వసారాలో నిలబడి సముద్రం చూడడం. రెండో నెలలో సముద్రం ఇంట్లోకి వచ్చింది. నీళ్ళు కాదు, తేమ. అప్పడాలు మెత్తబడ్డాయి. ఉప్పు జాడీలో ఉప్పు ముద్ద కట్టింది. కిటికీ ఊచలకు తుప్పు మొదలైంది. ఇవి పెద్ద కష్టాలు కావు. ఉప్పు జాడీ అడుగున గుప్పెడు బియ్యం వేస్తే తేమ పీల్చుకుంటాయి. అప్పడాలు గాలి చొరని డబ్బాలో పెట్టి ఎండ తగలనిస్తే చాలు. ఊచలకు ఏటా ఒకసారి రంగు పూయించాలి. అయితే ఈ చిన్న కిటుకులు చెప్పేందుకైనా ఒక మనిషి కావాలిగా? లిఫ్టులో కనిపించినవాళ్ళు తల ఊపేవారు. ఈమె కూడా ఊపేది. తలుపులు తెరుచుకునేవి, ఎవరి దారిన వారు వెళ్ళేవారు. కూరలు ఫోనులో చెబితే సంచిలో వచ్చేవి. తెచ్చిన కుర్రాడు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవాడు. పగలంతా నోరు విప్పి మాట్లాడే అవకాశం తల్లికి ఫోను చేసినప్పుడే. ఆ తల్లి "ఎలా ఉన్నావే?" అంటే "బాగున్నానమ్మా" అనే చెప్పేది.

ఇక ఆదివారం తగవు. కొత్తగా పట్నం వెళ్ళిన జంటల్లో ఈ తగవు పడనివారుంటే చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆరు రోజులు ఇంట్లో కూర్చున్న మనిషికి ఏడో రోజున బయటికి వెళ్ళాలని ఉంటుంది. ఆరు రోజులు బయట తిరిగిన మనిషికి ఏడో రోజున ఇంట్లో పడుకోవాలని ఉంటుంది. ఇద్దరిదీ న్యాయమే. అందుకే ఆ తగవు తీరదు. "ఒక్క ఆదివారమన్నా నిద్రపోనివ్వవా?" అని అతను, "ఒక్క ఆదివారమన్నా మనుషుల్ని చూడనివ్వరా?" అని ఆమె. ఒక వారం అతను నెగ్గేవాడు, ఇంకో వారం ఆమె నెగ్గేది. నెగ్గినవాళ్ళకూ సుఖం ఉండేది కాదు. మెరీనాకు వెళ్ళి వచ్చేసరికి అతనికి ఒళ్ళు నొప్పులు, ఆమెకు తన వల్లనే కదా అన్న బాధ.

అయిదో నెలలో ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. తెనాలి బడి ప్రధానోపాధ్యాయినికి ఫోను చేసి, తన స్థానం ఖాళీగా ఉందా అని అడిగింది. జూన్ నుంచి రావచ్చునని ఆవిడ చెప్పింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అతనితో చెప్పేసింది.

"ఏమండీ, జూన్‌లో నేను తెనాలి వెళ్ళి బళ్ళో చేరతాను. మీరు నెలకోసారి వద్దురుగాని."

అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నామీద కోపమా?" అన్నాడు.

"కోపం కాదు. అక్కడ నేను పాతికమందికి తెలుసు. ఇక్కడ మీకొక్కరికే తెలుసు. మీరేమో రాత్రికి గాని రారు."

ఈ మాటలో నిందలేదు. అందుచేత అతను వాదించలేకపోయాడు. మర్నాడు కాదు, ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని కాగితం మీద లెక్క వేశారు. లెక్కల పంతులమ్మ కదా! ఈసారి రెండు దూరాలూ రాశారు. అతను ఆఫీసుకు వెళ్ళే దూరం ఒక వరసలో, ఆమె కాలినడకన చేరగలిగినవి ఇంకో వరసలో. నావలూరు ఇంటికి రెండో వరస ఖాళీగా ఉండిపోయింది.

అప్పుడు తిరువాన్మియూరు వైపు వెతకడం మొదలుపెట్టారు. అది పాత మహాబలిపురం రోడ్డు మొదట్లోనే ఉంటుంది. మరుందీశ్వరుడి గుడి, దాని చుట్టూ పాత వీధులు, కూరగాయల కొట్లు, మెట్రో రైలు కాని ఎత్తువంతెన మీది లోకల్ రైలు స్టేషను, కాస్త తూర్పుకు నడిస్తే సముద్రం. అక్కడి నుంచి శిరుచేరికి దాదాపు 20 కిలోమీటర్లు. అద్దె ఎక్కువ, ఇల్లు చిన్నది. రెండు పడకగదులు పోయి ఒకటి వచ్చింది, ఈతకొలను పోయింది. అతనికి రోజూ రానూ పోనూ గంటకు పైగా ప్రయాణం పెరిగింది. "నాకు గంట పోతుంది, నీకు పన్నెండు గంటలు మిగులుతాయి, బేరం నష్టం కాదులే" అని అతనే ముందుకు వచ్చాడు. ఆ మాట అన్నందుకు నాకు ఆ అబ్బాయి అంటే గౌరవం.

రెండోసారి ఇల్లు చూసేటప్పుడు వాళ్ళు అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తాను. చెన్నపట్నం వెళ్ళే ఎవరికయినా పనికొస్తాయి.

మొదటిది నీళ్ళు. ఆ ఊళ్ళో ఇంట్లోకి నీళ్ళు మూడు దారులలో వస్తాయి: నీటిబోర్డు గొట్టం, సొంత బోరు, లారీ. సముద్రం దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఏ పంపులో ఏ నీళ్ళు వస్తాయో వంటింట్లో, స్నానాలగదిలో విడివిడిగా అడగాలి. అడిగి ఊరుకోకూడదు, గుప్పెడు కందిపప్పు ఉడకబెట్టి చూడాలి. నీళ్ళలో సున్నపు పాలు ఎక్కువగా ఉంటే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. మా అమ్మాయి ఇల్లుగలావిడ వంటింట్లోనే ఈ పరీక్ష చేసింది. ఆవిడ మొదట వింతగా చూసి, తర్వాత మెచ్చుకుందట.

రెండవది వాన. మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. చెన్నపట్నానికి పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. అందుచేత ఎండల్లో చూసిన ఇల్లు దీపావళి తర్వాత ఎలా ఉంటుందో తెలియదు. "2015 డిసెంబరులో ఈ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? 2023 డిసెంబరులో ఎక్కడిదాకా?" అని ఇరుగుపొరుగును అడగాలి. ఇల్లుగలవారికంటే ఎదురింటివాళ్ళు నిజం చెబుతారు. అన్నట్టు, 2023లో చెన్నపట్నాన్ని ముంచిన మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న మన బాపట్ల దగ్గర తీరం దాటింది. కూతురు అక్కడ మోకాలిలోతు నీళ్ళలో ఉంటే, తల్లి మర్నాడు ఇక్కడ కరెంటు లేక చీకట్లో కూర్చుంది. ఒకే గాలి రెండు ఇళ్ళనూ తట్టింది.

మూడవది గాలి. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నానికి అది ఊళ్ళో ప్రవేశిస్తుంది. మే, జూన్ నెలల్లో పడమటిగాలి బలంగా ఉన్న రోజున ఆలస్యంగా వస్తుంది, ఒక్కోరోజు రానేరాదు. చెన్నపట్నానికి సముద్రం తూర్పున. తూర్పుకు కిటికీ ఉండి, ఎదురుగా మరో మేడ గోడ అడ్డంలేకపోతే సగం వేసవి గడిచినట్టే.

నాలుగవది అడ్వాన్సు. ఆ ఊళ్ళో పది నెలల అద్దె అడ్వాన్సు అడగడం పాత అలవాటు. 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం ఒప్పందం కాగితం మీద రాసుకుని నమోదు చేయించుకోవాలి. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు, ఒప్పందంలో వేరేవిధంగా రాసుకుంటే తప్ప. కిటుకంతా ఆ "వేరేవిధంగా" అన్నచోటే ఉంది. కనుక సంతకం పెట్టేముందు ఇద్దరూ చదవాలి. "మా ఆయన చూసుకుంటారు" అనుకోవద్దు. ఆ కాగితం మీద ఉన్న ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మీరే.

సరే, కొత్త ఇంట్లో పాలు పొంగించారు. వీధి ఉన్నచోట భాష వస్తుంది. పదకొండో అంతస్తులో అయిదు నెలల్లో రాని తమిళం ఇక్కడ రెండు నెలల్లో వచ్చింది. పైగా మనకూ వాళ్ళకూ సగం మాటలు చుట్టాలే. అక్క అక్కే, అన్న అణ్ణా, తమ్ముడు తంబి. ఉప్పు ఉప్పే, పాలు పాల్, పప్పు పరుప్పు. తంటా అంతా ఒకేలా వినబడుతూ వేరే అర్థం ఇచ్చే మాటలతోనే. ఒకరోజు పక్కింటావిడ వంటింట్లోంచి "కడుగు ఇరుక్కా?" అని కేకేసింది. ఏం కడగమంటోందో అర్థంకాక అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. తీరా ఆవిడ అడిగింది ఆవాలు! తమిళంలో కడుగు అంటే ఆవాలు. ఇంకోరోజు స్నానాలగదిలో పంపు కారుతోందని ప్లంబరుకు ఫోను చేస్తే అతను "అవసరమా?" అన్నాడు. మన చెవికి ఆ మాట ఎంత పొగరుగా వినపడుతుందో మీకు తెలుసు. అమ్మాయి ఒళ్ళు మండి "అవసరమే!" అని గట్టిగా అంది. పది నిమిషాల్లో ప్లంబరు గుమ్మంలో ఉన్నాడు. అక్కడ అవసరం అంటే తొందర. పాపం, అతను మర్యాదగానే "తొందరా?" అని అడిగాడు. ఇలాంటి పొరపాట్లు పదిచేస్తే ఒక భాష వస్తుంది. అవి చేయడానికి పదిమంది మనుషులు దగ్గరలో ఉండాలి, అంతే.

బజారు కూడా ఒక బడే. బియ్యం అడిగితే "పచ్చరిసియా, పుళుంగలా?" అంటారు. పుళుంగల్ అంటే ఉప్పుడు బియ్యం, మనకు కావలసింది పచ్చరిసి. గోంగూరను పుళిచ్చకీరై అనాలి. వంకాయ కత్తరిక్కాయ్, బీరకాయ పీర్కంగాయ్, కందిపప్పు తువరంపరుప్పు. ఆకుకూరలమ్మికి గోంగూర అన్న మాట నేర్పి, తను కీరైల పేర్లు నేర్చుకుంది మన పిల్ల. ఇప్పుడు ఆ ముసలమ్మ దూరంనుంచే "గోంగూరా, గోంగూరా" అని పిలుస్తుందట.

నీళ్ళ సంగతి మరొకటి చెప్పాలి. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా చెన్నపట్నానికి కృష్ణనీళ్ళు ఇచ్చే తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా కాలువలో పూండి చెరువుకు ఆ నీళ్ళు 1996లో మొదటిసారి చేరాయి. ఏటా ఒకేలా రావు. 2019 వేసవిలో ఆ ఊరి చెరువులు ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తేవలసివచ్చింది. సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారాలు మింజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో మొదలయ్యాయి. అంచేత పంపులో ఏరోజు ఏ నీళ్ళో చెప్పడం కష్టం. అయినా కృష్ణ వచ్చిందని పేపర్లో చూసిన రోజున మా తెనాలి పిల్ల మొదటి చెంబు నీళ్ళు తులసికోటలో పోస్తుంది. "పుట్టింటివాళ్ళు వచ్చారు" అంటుంది.

తెనాలి బడి మాటేమయిందని మీరడుగుతారు. జూన్‌కు రాలేనని ఫోను చేసి చెప్పింది. ఆ మాట చెప్పి ఫోను పెట్టేశాక కాసేపు ఏడ్చిందని కూడా విన్నాను. ఊరికే పోయే వస్తువు కాదు ఉద్యోగం. భర్త ఊరికి వెళ్ళడమంటే చేతిలో ఉన్నదాన్ని వదిలిపెట్టడమేనని మగవాళ్ళు చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆమె వీధిలో ముగ్గురు పిల్లలకు లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టింది. ముగ్గురు తొమ్మిదిమంది అయ్యారు. లెక్కలకు తమిళమూ తెలుగూ లేదు కదా! ఇప్పుడు దగ్గరలోని ఒక బడికి దరఖాస్తు పెట్టింది. వస్తుందో రాదో చూడాలి.

అదే ఊళ్ళో మనకు ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారుచేసే తరగతులు నడిపారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు నడిచి వచ్చి చేరుకునే చోటు ఒకటి ఉండాలని ఆ తరంవారికి తెలుసు. ఈనాడు మనం నలభై అంతస్తుల మేడలు కడుతున్నాం, ఆ చోటు మరిచిపోతున్నాం.

మరి ఆదివారం తగవో? అది తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆమె వారమంతా నాలుగు వీధులు తిరుగుతోంది గనుక ఆదివారం పొద్దున్న అతణ్ణి పడుకోనిస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు లేపుతుంది. ఇద్దరూ నడిచి సముద్రం దగ్గరికి వెళతారు. మాంగాయ ముక్కలు వేసిన సుండల్ పొట్లం ఒకటి కొంటారు. నీళ్ళలోకి దిగరు. ఆ తీరంలో లోపలికి లాగే కెరటం ఎంతమందిని తీసుకుపోయిందో వీధివాళ్ళు చెప్పారు. ఒడ్డున కూర్చుని వారంలో చెప్పుకోని మాటలన్నీ చెప్పుకుంటారు. డిసెంబరులో సంగీత కచేరీలు మొదలయితే లోకల్ రైలెక్కి మైలాపూరు వెళతారు. ఊరంతా తమిళం విని విని ఆ హాల్లోకి అడుగుపెడితే త్యాగరాజస్వామివారి తెలుగు వినపడుతుంది. చుట్టూ ఉన్న తమిళులు ఆ తెలుగుకే తలలూపుతుంటారు. అప్పుడు ఆ ఊరు పరాయిదనిపించదట.

అతనికి కష్టం లేదనను. బస్సులో గంటకు పైగా కూర్చుని వచ్చి, కొన్ని రాత్రులు మాట్లాడకుండా పడుకుంటాడు. అద్దె పెరిగినందువల్ల ఇంటికి పంపే డబ్బు తగ్గింది. "చిన్న ఇంటికి అంత అద్దె ఎందుకురా?" అని గుడివాడలో తండ్రి అడిగితే అతను వివరించి చెప్పలేకపోయాడు. ఆమె దూరం రూపాయల్లో చెప్పడం కష్టమే. మూడు నెలలకోసారి ఇద్దరూ ఆ కాగితం మళ్ళీ తీసి లెక్క చూసుకోవాలని పెట్టుకున్నారు. ఒకరికి మరీ బరువైతే మార్చుకుందామని ఒప్పందం. నాకు అన్నిటికంటే ఇది నచ్చింది.

ఇది భార్య ఇంట్లో ఉన్న సంసారానికే అనుకోవద్దు. భార్యకు ఉద్యోగం దొరికి, భర్త పని వెతుక్కుంటూ ఇంట్లో ఉంటే అతని దూరం కొలవాలి. ఇద్దరూ ఉద్యోగస్తులయితే, పురుడు పొయ్యడానికో మనవణ్ణి చూసుకోవడానికో ఊరినుంచి వచ్చే అమ్మగారిదో అత్తగారిదో కొలవాలి. ఆవిడకు భాష రాదు, ఫోనులో కూరలు తెప్పించుకోవడం రాదు. గుడి, అరుగు, నలుగురు మనుషులు కాలినడకలో ఉంటే రెండు నెలలుందామని వచ్చి ఆరు నెలలుంటుంది. లేకపోతే పదోరోజునే టిక్కెట్టు తీయమంటుంది. విశాఖపట్నమయినా, ముంబాయి అయినా ఇదే మాట.

కనుక ఈ ఏడు పిల్లను పట్నానికి పంపే తల్లులకు నా మనవి. ఆవకాయ ఇవ్వండి, వడియాలు ఇవ్వండి. అల్లుడు ఇల్లు చూశానని ఫోను చేస్తే, ఎన్ని గదులని అడిగే ముందు, "బాబూ, అమ్మాయి గేటు దాటి పది నిమిషాలు నడిస్తే ఏమేమి వస్తాయి?" అని అడగండి. మీరు రైలు దగ్గర చెప్పే జాగ్రత్తలో నేను విప్పి చెప్పగలిగింది ఇదీ.